ఆరు గంటల నీళ్ళు

"ఆ పెద్ద గిన్నె నాది కాదు. నాది కానిది నాకొద్దు," అంటోంది పిన్ని.

"నీదీ నాదీ అని ఎప్పుడు రాసుకున్నామే?" అంది అమ్మ.

"రాసుకోలేదు కాబట్టే ఇప్పుడు ఏరుకోవాల్సి వస్తోంది అక్కా."

నేను పెరటి గుమ్మంలో తడికాళ్ళతో నిలబడిపోయాను. వంటగదిలో నేల మీద గిన్నెలు రెండు కుప్పలుగా ఉన్నాయి. నిన్న సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కటే వంట. తెల్లవారేసరికి పిన్ని తన పొయ్యిని వసారాలోకి మోసుకుపోయింది. పొయ్యి ఉన్నచోట గోడమీద నల్లటి మరక మిగిలింది.

నానమ్మ రెండు కుప్పల మధ్య పీట వేసుకుని కూర్చుంది. ఇటు గిన్నె అటు పోవాలంటే ఆవిడ మోకాళ్ళు దాటాలి. కావాలనే అక్కడ కూర్చుంది.

"గరిటెలు కూడా పంచుకుంటారా? తలా సగం విరిచి ఇమ్మంటారా?" అంది.

నాన్న కిటికీకి తగిలించిన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప మీద ఇంకా సబ్బు నురగ ఉంది. అద్దంలోంచే మాట్లాడాడు.

"పదింటికి కాటా పాకలో చేపల సంఘం కూర్చుంటుంది. ఈలోపు ఇంట్లో నాటకాలు మొదలెట్టకండి."

"నాటకం మాది కాదు బావగారూ," అంది పిన్ని. "తోడబుట్టినవాడి పడవ బోర్లించడానికి గడ్డం గీసుకుని మరీ బయల్దేరుతున్నారు చూడండి, నాటకమంటే అదీ."

కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చెంప మీద నడిచింది.

మా చెరువు మీద పడవ బోర్లించడం చిన్న మాట కాదు. చెరువుకి ద్రోహం చేశాడని సంఘం తేల్చితే, ఆ మనిషి పడవని మిగతా వాళ్ళంతా ఒడ్డుకి లాగి, తలకిందులుగా తిప్పి వదిలేస్తారు. దాన్ని మళ్ళీ తిప్పుకునే హక్కు అతనికి ఉండదు. నాకు ఊహ తెలిశాక ఒక్కసారే జరిగింది. ఆ మనిషి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అతని పడవ కింద ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఇవాళ బాబాయి వంతు.

మూడు రోజుల క్రితం లోతు మలుపులో నాన్న వలగూళ్ళు నాలుగూ, ఇంకో ఇద్దరివి మూడూ తెల్లారేసరికి తెల్లగా తేలాయి. వలగూడంటే చేపల్ని పెంచడానికి నీళ్ళలోకి వేలాడదీసే వల గది. ఆ ఏడు గదుల్లోనూ ఒక్క చేప మిగల్లేదు. అన్నీ పొట్టలు పైకి తిప్పి తేలాయి. బాబాయి గూళ్ళు రెండు మాత్రం బతికాయి. వాటిని అతను అంతకు నాలుగు రోజుల ముందే లోతు మలుపు నుంచి వాగు కలిసే చోటుకి లాక్కుపోయాడు.

నాన్న వాదన మూడే మాటలు. నీళ్ళు బాగున్నాయి, పుస్తకంలో ఉంది. నీళ్ళు బాగున్నప్పుడు చేప ఊరికే చావదు, ఎవరో ఏదో కలిపారు. ముందుగా తన గూళ్ళు తీసుకుపోయినవాడికి ఏం జరగబోతోందో తెలుసు.

ఆ మూడు మాటల్లో మొదటిది నాది. రోజూ చెరువు నీళ్ళు కొలిచి ఆ పుస్తకంలో రాసేది నేనే.

"ఏమ్మా, ఇవాళ ఎంతొచ్చింది?" అని నాన్న అద్దంలోంచి నన్ను అడిగాడు. నా చేతిలో మీటరు చూశాడు.

"ఇంకా... రాయలేదు నాన్నా."

"రాసి ఇయ్యి. పాకకి పట్టుకెళ్ళాలి." మొహం తుడుచుకుంటూ అమ్మతో అన్నాడు, "అచ్చు గుద్దినట్టుంటుంది దీని రాత. ఐదు నెలల్లో ఒక్కరోజు తప్పలేదు. ఆఫీసులో నీళ్ళ మేడమ్ కూడా అదే అంది."

మా నాన్న నా గురించి నలుగురిలో మాట్లాడేది ఈ ఒక్క విషయమే. అంతకుముందు ఎవరైనా అడిగితే, "అదా, అది ఉన్నట్టే ఉండదు," అనేవాడు.

నేను మీటరు ఓణీ కొంగులో చుట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

*

ఆ పొద్దున వచ్చిన అంకె ఒకటి పాయింట్ నాలుగు.

ఐదు నెలలుగా నా పుస్తకంలో ఎనిమిదికి తగ్గింది లేదు.

నీళ్ళ మేడమ్ ఆ మీటరు ఇచ్చినప్పుడు చెప్పింది గుర్తుంది. చేప పీల్చేది నీళ్ళలో కరిగిన గాలినే. తీగ చివర బుడ్డి నీళ్ళలో ముంచితే ఆ గాలి ఎంత ఉందో అంకె పడుతుంది. ఐదు పైన ఉంటే చేప హాయిగా ఉన్నట్టు. మూడు దిగితే ఆయాసపడుతున్నట్టు. "తెల్లవారి ఆరింటికి, రేవు చివర స్తంభం దగ్గర, ఒక బార లోతులో. రోజూ," అంది.

ఆరింటికే ఎందుకని నేను అడగలేదు. అడగడమంటే నోరు తెరవాలి.

ఆరింటికి రేవులో నలభై పడవలు దిగుతాయి. స్తంభం దగ్గరికి వెళ్ళాలంటే ఆ నలభై మందినీ దాటాలి. నన్ను వాళ్ళు గుసగుస అంటారు. మాట పైకి రాదని. మొదటి రోజే, "ఓయ్ గుసగుసా, ఎంతొచ్చింది?" అని ఎవరో అరిచారు. చెప్పాను. "వినబళ్ళేదు!" అన్నారు. మళ్ళీ చెప్పాను. "చేపకి వినబడింది గాని మాకు వినబళ్ళేదు!" అన్నాడు చేపలు తూచే కాటా తాత. రేవంతా ఘొల్లుమంది. వాళ్ళకది సరదా. నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాటి నుంచి బడి వదిలాక మూడింటికి వెళ్ళాను. అప్పుడు రేవులో కుక్క కూడా ఉండదు. అందరూ పడుకుని ఉంటారు. ముంచేదాన్ని, చూసేదాన్ని, పుస్తకంలో "ఉ. 6.00" అని గుండ్రంగా రాసేదాన్ని.

మీటరు నీళ్ళ వేడి కూడా చెప్తుంది. మూడింటి నీళ్ళు వేడిగా ఉంటాయని తెలుసు కాబట్టి దాన్లో నాలుగు తగ్గించి రాసేదాన్ని. దొరక్కుండా అంత తెలివి చూపించాను. గాలి అంకె మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను. గాలి కూడా గంటని బట్టి మారుతుందని నాకు తెలియదు.

చేపలు చచ్చిన రోజు నుంచీ నేను రాసిన అంకెల మీదే నాకు అనుమానం. అందుకే ఇవాళ, ఐదు నెలల తర్వాత, ఆరింటికి వెళ్ళాను. ఒక్కరూ పలకరించలేదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ముంచాను. ఒకటి పాయింట్ నాలుగు. మీటరు పాడైందనుకుని కడిగి మళ్ళీ ముంచాను. ఒకటి పాయింట్ నాలుగు.

*

అమ్మ కుళాయి దగ్గర తన కుప్పలోని గిన్నెలు తోముతోంది. నేను పక్కన కూర్చుని ఒక మూత అందుకున్నాను.

"అమ్మా, పుస్తకం తప్పు."

"ఏ పుస్తకం?"

చెప్పాను. మూడింటి సంగతి, ఆరని రాసిన సంగతి, వేడి తగ్గించిన సంగతి, ఇవాళ్టి అంకె. చెప్పడానికి అట్టే సేపు పట్టలేదు.

అమ్మ అదే గిన్నెని తోముతూనే ఉంది. అది ఎప్పుడో తెల్లబడిపోయింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"బాబాయి పడవ..."

"మీ నాన్న ఆ పుస్తకం పట్టుకుని మూడు రోజులుగా ఇల్లిల్లూ తిరిగాడు. ఇప్పుడది తప్పని నువ్వంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?"

"బాబాయి ఎక్కడ పెట్టుకుంటాడు?"

అమ్మ నావైపు చూసింది. నేను అలా తిరిగి మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

"నాకు చెప్పకుండా ఉండాల్సింది," అంది చివరికి. గిన్నె కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

*

బాబాయి వీధి మెట్ల మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఇవాళ్టి తర్వాత ఆ వలతో పనుంటుందో లేదో తెలియదు. అయినా ఒక్కొక్క కన్నూ లాగి చూసి, తెగినచోట ముడి వేస్తున్నాడు.

"రా అమ్మాయ్. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను.

"బాబాయ్, నువ్వెందుకు జరిపావు గూళ్ళు?"

"మీ నాన్న అడగమన్నాడా?"

"కాదు."

"మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగినదానివి నువ్వే. మిగతావాళ్ళంతా జవాబు చెప్పేశారు." పళ్ళతో దారం కొరికాడు. "లంగరు ఎత్తినప్పుడు చూశావా ఎప్పుడైనా? ఒకప్పుడు ఇసక వచ్చేది. మొక్కల వేళ్ళు వచ్చేవి. ఇప్పుడు నల్ల బురద. కుళ్ళిన గుడ్డు కంపు. నా చిన్నప్పుడు తెల్ల పింగాణీ పళ్ళెం నీళ్ళలో జారిపోతే రెండు బారల కింద కూడా మెరుస్తూ కనబడేది. మీ నాన్నే మునిగి తీశాడు, మీ నానమ్మ కొడుతుందని. ఇప్పుడు మోచేయి దాకా ముంచితే నా వేళ్ళు నాకు కనబడవు."

"పచ్చగా ఉందిగా..."

"పచ్చగా ఉంటే బాగుందనుకుంటారు. అది పాచి. పొలాల ఎరువు, ఊరి మురుగు, అన్నీ తాగి పెరిగిన పాచి. అది పైన కప్పేస్తే అడుక్కి వెలుగు పోదు. వెలుగు లేకపోతే మొక్క లేదు. మొక్క లేకపోతే చేప గుడ్డెక్కడ పెడుతుంది, పిల్ల ఎక్కడ దాక్కుంటుంది? నెల రోజులుగా చూస్తున్నా. స్వేచ్ఛగా తిరిగే చేపంతా లోతు మలుపు ఖాళీ చేసి వాగు దగ్గర ఇరుగ్గా సర్దుకుంటోంది. అద్దె ఇంట్లో ఊపిరాడకపోతే మనం మారమూ? అదీ మారింది. గూట్లో ఉన్నది మారలేదుగా, దానికి తాళం వేసింది మనం. అందుకని నేనే మార్చాను."

"నాన్నతో చెప్పలేదా?"

"చెప్పాను. గూళ్ళు జరుపుదాం అన్నయ్యా అన్నాను. నీకు వాసనలే తెలుసురా, నా దగ్గర అంకెలున్నాయి అన్నాడు." నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఉండుంటే బాగుండేది. "అంకెలకి నేనేం చెప్పను? నేను చదివింది నాలుగో తరగతి."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే నాన్న ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మెట్ల మీద తమ్ముడు ఉన్నాడు. దాటుకుని పోవాలి. బాబాయి వల దగ్గరికి లాక్కుని దారిచ్చాడు. నాన్న దిగి వెళ్ళాడు.

వీధిలోకి వెళ్ళాక నాన్న వెనక్కి తిరిగాడు. నన్నే చూశాడు.

"పుస్తకం తీసుకుని రా."

*

కాటా పాకలో చేప వాసన మీద ఫినాయిల్ వాసన. సంఘం కూర్చుంటుందని కడిగించారు. తూకం బల్ల వెనక నీళ్ళ మేడమ్ కూర్చుని ఉంది. ఆవిడ పట్నంలో సరస్సుల ఆఫీసు మనిషి. ఆడవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. అమ్మ, పిన్ని పక్కపక్కనే ఉన్నారు. మధ్యలో నానమ్మ.

బాబాయి లోపలికి రాలేదు. రేవులో తన పడవ పక్కన ఇసక మీద కూర్చున్నాడు. పాక తలుపులోంచి కనబడుతున్నాడు.

"చచ్చిన చేపల్ని పరీక్షకి పంపాను," అంది మేడమ్. "పది రోజులు పడుతుంది. అంతవరకూ ఎవరినీ ఏమీ అనకపోతే మంచిది."

"పది రోజుల్లో మిగిలిన గూళ్ళలో కూడా కలిపితే?" అన్నారు ఎవరో.

"మేడమ్ గారూ, ఒక్కటి చెప్పండి," అన్నాడు నాన్న. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చదివాడు. పంచాయితీ మనిషిలా, ఒక్కొక్క అంకె తర్వాత ఆగుతూ. "తొమ్మిది పాయింట్ ఒకటి. తొమ్మిది పాయింట్ ఆరు. ఎనిమిది పాయింట్ తొమ్మిది. చేపలు చావడానికి ముందు రోజు తొమ్మిది పాయింట్ నాలుగు. ఇవన్నీ తెల్లవారి ఆరింటివి. నీళ్ళు బాగున్నట్టా, లేనట్టా?"

మేడమ్ పుస్తకం అందుకుని చూసింది. పేజీ తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది.

"ఈ అంకెలు చూస్తే... బాగున్నట్టే," అంది.

"అంతే కావాలి."

కాటా తాత తూకం రాళ్ళు ఒక పక్కకి నెట్టి లేచాడు. "అయితే కానివ్వండి. నాకూ ఇష్టమై కాదు. వాణ్ణి ఎత్తుకుని ఆడించాను."

అందరూ లేచారు. బెంచీలు జరిగిన చప్పుడు. నేను గోడకి అంటుకుని ఉన్నాను. జనం నా ముందు నుంచి రేవులోకి దిగిపోతున్నారు.

బయట బాబాయి లేవలేదు. పడవ తాడు మేకు నుంచి విప్పి నాన్నకి అందించాడు. నాన్న తీసుకున్నాడు. పదిమంది అటూ ఇటూ చేరి పడవని ఇసక మీదకి లాగారు. ఒక పక్క ఎత్తారు. పడవ లోపల నిలిచిన నీళ్ళు, ఒక పాత చెప్పు, టీ గ్లాసు ఒక మూలకి జారాయి. పిన్ని, "గ్లాసు పగులుతుంది!" అని అరిచింది. అంతకంటే అరవడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

"ఆగండి," అన్నాను.

ఎవరూ ఆగలేదు. వినబడలేదు.

"ఆగండి!"

"ఎవరది?" అన్నాడు కాటా తాత. "గుసగుసా?"

పడవ వాలుగా నిలిచిపోయింది. ఒక అంచు ఇసకలో, ఒక అంచు పదిమంది చేతుల్లో. నలభై మొహాలు నావైపు తిరిగాయి. ఏ నలభై మందిని తప్పించుకోవడానికి ఐదు నెలలు తిప్పలు పడ్డానో వాళ్ళే.

"అవి ఆరింటివి కావు."

"గట్టిగా చెప్పమ్మా," అంది మేడమ్.

"ఆ అంకెలు తెల్లవారి ఆరింటివి కావు. మధ్యాహ్నం మూడింటివి. ఆరని రాశాను. మొదటి రోజుది తప్ప, నిన్నటిదాకా అన్నీ మూడింటివే."

"ఎందుకు?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక.

"ఆరింటికి వీళ్ళందరూ ఉంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నవ్విన నవ్వు వాళ్ళలో కొందరికైనా గుర్తొచ్చిందనుకుంటాను.

"ఇవాళ ఆరింటికి ముంచాను," అన్నాను. "ఒకటి పాయింట్ నాలుగు."

మేడమ్ చేతిలో పుస్తకం టప్పున మూసుకుంది.

"పగలు ఎండ తగిలినంతసేపూ ఈ పాచి నీళ్ళలోకి గాలి వదులుతుంది," అంది. ఎవరికి చెప్తోందో తెలియనట్టు, నేల చూస్తూ. "మూడింటికి కొలిస్తే తొమ్మిదీ పదీ వస్తుంది మరి. చీకటి పడ్డాక అదే పాచి, అడుగున కుళ్ళేదంతా కలిసి ఆ గాలిని పీల్చేస్తాయి. తెల్లవారేసరికి ఊడ్చినట్టు అయిపోతుంది. అందుకే ఆరన్నాను. ఎందుకు ఆరో ఈ పిల్లకి చెప్పలేదు. ఆరింటికి తొమ్మిది రావడమేంటని నేనైనా అనుమానపడాల్సింది. బాగుందని సంతోషపడి ఊరుకున్నాను."

"అంటే ఎవరూ ఏమీ కలపలేదా?" అన్నాడు కాటా తాత.

"కలిపింది మీరంతా, నేనూ, పట్నమంతా. ఇరవై ఏళ్ళుగా."

నాన్న అమ్మవైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"పొద్దున తెలిసింది."

"చెప్పలేదేం?"

"మీరు అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు," అంది అమ్మ.

పదిమంది చేతులూ ఒక్కొక్కటే జారాయి. పడవ మెల్లగా తన అడుగు మీదకి వచ్చి కూర్చుంది. గ్లాసు పగల్లేదు. తాడు మాత్రం ఇంకా నాన్న చేతిలోనే ఉంది. దాని సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

నేను ఆయన మొహం చూడలేదు. చేతులు చూశాను.

*

మేడమ్ ఆకాశం వైపు చూసింది. పొద్దున్నుంచీ మబ్బు. ఎండ పొడ లేదు.

"లోతు మలుపులో ఇంకా బతికున్న గూళ్ళు ఎన్ని?"

"పదకొండు," అన్నారు ముగ్గురు నలుగురు ఒకేసారి.

"ఇవాళ ఎండ లేదు. పగలు చేరాల్సిన గాలి కూడా చేరదు. రేపు తెల్లవారికి ఇవాళ్టి ఒకటి పాయింట్ నాలుగు కూడా ఉండదు. సాయంత్రంలోపు జరపాలి. వాగు దగ్గరికి దారి ఉందా?"

దారి ఉంది. మునిగిన చెట్ల మొద్దుల మధ్య, బురద దిబ్బల పక్క నుంచి. గూడు అడుక్కి తగలకుండా, వల చిరగకుండా, పదకొండింటిని లాక్కుపోయే దారి ఒక్కడికే తెలుసు. వారం క్రితం రెండింటిని లాక్కుపోయినవాడికి.

అందరూ నాన్నని చూశారు. సంఘం పెద్ద ఆయన. అడగాల్సింది ఆయనే.

నాన్న తమ్ముణ్ణి కాదు, పడవని చూస్తూ అన్నాడు.

"గూళ్ళు... జరపాలట."

"విన్నాను," అన్నాడు బాబాయి ఇసక మీద నుంచే.

"నువ్వు..."

"చెప్పు అన్నయ్యా."

నలభై మంది ఆయన మాట కోసం చూశారు. దూరంగా ఎవరి పడవో గట్టుకి కొట్టుకుంటోంది.

నానమ్మ కర్ర పొడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది. "మాట రాకపోతే నేను అడుగుతాను. ఒరే చిన్నోడా, తీసుకెళ్తావా లేదా? చేపలు ఏ పాపమూ ఎరగవు."

బాబాయి లేచి ఇసక దులుపుకున్నాడు. పడవలోకి వంగి గ్లాసు తీసి పిన్నికి ఇచ్చాడు. చెప్పు తీసి విసిరేశాడు.

"తీసుకెళ్తాను. వారం క్రితం దారి ఇప్పుడు ఉండకపోవచ్చు. ఎక్కడ ఊపిరుందో ఎక్కడ లేదో నా ముక్కుకి ఇంతవరకే తెలుస్తుంది. మీటరు కావాలి. తీగ కిందిదాకా వదిలి అడుగడుగునా చూసి చెప్పేవాళ్ళు కావాలి." నావైపు చూశాడు. "అమ్మాయిని నా పడవ ముందు కూర్చోబెట్టండి."

"వద్దు," అన్నాడు నాన్న.

అది ఆయన గట్టిగా అన్న మొదటి మాట.

"దాన్ని ఎక్కించకు. మేడమ్ చూస్తారు. ఇంకెవరైనా చూస్తారు. దాని అంకె ఇంక నేను నమ్మను."

ఐదు నెలలు నా రాత గురించి చెప్పిన గొంతే అది. నేను మీటరుని రెండు చేతులతో పట్టుకున్నాను.

"నువ్వు నమ్మకు," అన్నాడు బాబాయి. "ఈ చెరువు మీద ఐదు నెలలుగా ఎన్నో అంకెలు విన్నాను. నా కళ్ళు చూసినదానికి సరిపోయిన అంకె ఇవాళ ఒక్కటే విన్నాను. అది చెప్పింది ఈ పిల్లే. నలభై మంది ముందు చెప్పింది. నా పడవలో మీటరు చదివితే ఇది చదువుతుంది, లేదా నేను కదలను."

"అది నా కూతురు."

"నేను కాదన్నానా?"

పడవ అంచు నా మోకాలెత్తు ఉంది. ఎవరూ చెయ్యి అందించలేదు. నేనే ఎక్కాను. ముందు బల్ల మీద కూర్చుని తీగ విప్పాను. బాబాయి వెనక ఎక్కాడు, నలుగురు పడవని నీళ్ళలోకి నెట్టారు. అది రేవు చివర స్తంభం దాకా జరిగి, నాన్న చేతిలోని తాడు బిగిసి ఆగిపోయింది.

"దిగు," అన్నాడు నాన్న.

నేను బుడ్డిని నీళ్ళలోకి వదిలాను. జానెడు లోతుకే అది కనబడకుండా పోయింది. అంకె తిరిగి తిరిగి నిలబడింది.

"పైన నాలుగు పాయింట్ రెండు!" అన్నాను. రేవు అవతల వాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా.

తీగ వదులుతూ పోయాను. ఒక బార. రెండు బారలు. గూటి అడుగు అంత లోతులోనే ఉంటుంది. ఇన్నాళ్ళలో నేనెప్పుడూ అంత కిందికి వదల్లేదు.

"రెండు బారల కింద సున్నా పాయింట్ మూడు!"

ఒడ్డున ఎవరో, "అయ్యో," అన్నారు. పదకొండు గూళ్ళ వాళ్ళు ఒకరొకరుగా తమ పడవల వైపు పరుగెత్తారు. బాబాయి తెడ్డు అందుకున్నాడు. అమ్మ రెండడుగులు ముందుకు వేసి నీళ్ళ అంచున ఆగింది.

"అన్నయ్యా," అన్నాడు బాబాయి, "పొద్దు పోతోంది."

నాన్న నన్నే చూస్తున్నాడు. తాడు వదల్లేదు.